నైటీలు కుట్టే యూనిట్‌కు పీఎంఈజీపీ: ఏజెంటు 15 శాతం అడుగుతున్నాడు, ఏం చేయాలి?

సీమ_కుట్టుమిషన్:
అందరికీ నమస్కారం. మాది కర్నూలు వైపు ఒక చిన్న టౌను. తొమ్మిదేళ్లుగా ఇంట్లోనే నైటీలు, లంగాలు కుడుతున్నాను. అంగడివాళ్లు తానులు పంపిస్తారు, కత్తిరించి కుట్టి ఇస్తే పీసుకు ఇంత అని కూలి. ఉన్నవి కాలితో తొక్కే మిషన్లు రెండు, అంచులు కుట్టే పాత ఓవర్‌లాక్ మిషను ఒకటి. మా వీధి ఆడవాళ్లు ముగ్గురు మధ్యాహ్నం వంట ముగించుకుని వచ్చి నాతో కూర్చుంటారు. మా ఆయన తోపుడు బండి మీద పిల్లల బట్టలు అమ్ముతారు.

ఇప్పుడు నేనే తానులు కొని, కుట్టి, నా పేరుతో అమ్మాలని ఉంది. ఆరు పవర్ మిషన్లు, కొత్త ఓవర్‌లాక్, కటింగ్ టేబుల్, మొదటి సరుకు అన్నీ కలిపి 5 లక్షలు లెక్క తేలింది. పీఎంఈజీపీ (కొత్త యూనిట్లకు కేంద్రం సబ్సిడీతో బ్యాంకు అప్పు ఇప్పించే పథకం) కింద ఇప్పిస్తానని ఒక ఏజెంటు వచ్చి "మీరు మైనారిటీ, పైగా మహిళ, సగం మాఫీ అవుతుంది, నాకు 15 శాతం ఇవ్వండి, ముందు 20 వేలు కట్టండి" అంటున్నాడు. బ్యాంకులో అడిగితే ఇంటి పత్రాలు తెమ్మన్నారు. మాది బాడుగ ఇల్లు. ఈ టెన్షన్‌తో వారంగా నిద్ర లేదు.

ఇంకో సంగతి. షెడ్డుకు రెండు చోట్లు చూశాం. ఒకటి మా వార్డులోనే, నెలకు 5,000. రెండోది హైవే అవతల, పక్క పంచాయతీలో, 3,500. ఏది తీసుకోమంటారు?

బేకరీ_పల్నాడు:
అక్కా, ముందు ఆ 20 వేలు కట్టకండి. దరఖాస్తుకు ఫీజు లేదు, ఆన్‌లైన్‌లో మనమే పెట్టుకోవచ్చు. ఈ పథకంలో ఏజెంట్లనేవాళ్లు ఎవరూ లేరు.

మాది క్రైస్తవ కుటుంబం. 2021లో ఊళ్లో చిన్న బేకరీకి ఈ పథకం కిందే 6 లక్షల ప్రాజెక్టు పెట్టాను. ఆ ఏజెంటు చెప్పిన సగం మాఫీ అబద్ధం. మైనారిటీలు, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలు అందరూ ఒకే ప్రత్యేక కేటగిరీ కింద వస్తారు. మీరు రెండు విధాలా అర్హులే, కానీ సబ్సిడీ ఒక్కసారే. పట్టణంలో 25 శాతం, పంచాయతీలో అయితే 35 శాతం. మన వాటా 5 శాతం, అంటే మీకు 25 వేలు.

ఆ సబ్సిడీ కూడా చేతికి రాదు. మన పేరిట బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా ఉంచుతారు. దానికి వడ్డీ ఇవ్వరు, అప్పులో అంత భాగానికి వడ్డీ వేయరు. మూడేళ్లయ్యాక యూనిట్ నడుస్తోందని చూసుకున్నాకే అప్పులో జమ చేస్తారు. నాకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. మొదటి ఏడాదే ఆ డబ్బుతో ఓవెన్ కొనొచ్చని ఆశపడి చాలా బాధపడ్డాను.

10 లక్షల లోపు అప్పుకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ మాట మర్యాదగానే చెప్పి, రాతపూర్వకంగా జవాబు అడగండి.

ఒక్క జాగ్రత్త. ఇది కొత్త యూనిట్లకే, నడుస్తున్న వాటికి ఇవ్వరు. మీరు ఇన్నాళ్లు చేసింది కూలి పని, సొంత యూనిట్ కాదు అని నేననుకుంటున్నాను. అయినా జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి తేల్చుకున్నాకే ఏ రిజిస్ట్రేషనైనా చేయించండి.

షెడ్డు విషయం. 5 లక్షలకు సబ్సిడీ పంచాయతీలో 1,75,000, టౌన్లో 1,25,000. తేడా 50 వేలు. కానీ ఆ ముగ్గురు మధ్యాహ్నం ఎండలో హైవే దాటి వస్తారా? వాళ్లు రాకపోతే ఆరు మిషన్లు ఎవరు నడుపుతారు? నేనైతే వార్డులోనే తీసుకుంటాను.

మెప్మా_ఆర్పీ:
అమ్మా, మీ ఆయన సంగతి కూడా చూడండి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి గుర్తింపు కార్డు ఇవ్వాల్సింది మునిసిపాలిటీయే. ఆ కార్డు ఉంటే పీఎం స్వనిధి (వీధి వ్యాపారులకు కేంద్రం పెట్టిన అప్పు పథకం) కింద మొదట 15 వేలు, సరిగ్గా కడితే 25 వేలు, తర్వాత 50 వేలు అప్పు వస్తుంది. ఊళ్లో వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి, మైనారిటీలకూ చోటు ఉండాలని చట్టంలోనే రాశారు. మీ వార్డు నుంచి ఎవరున్నారో కనుక్కోండి. ఎవరూ లేకపోతే మీ ఆయన్నే నిలబడమనండి.

సీమ_కుట్టుమిషన్:
చాలా థ్యాంక్స్ అన్నా, మేడమ్. ఏజెంటుకు వద్దని చెప్పేశాను. ఒక మాట ఆఫీసుల్లో అడగలేక ఇక్కడ అడుగుతున్నాను. మా అత్తకు వడ్డీ అప్పు ఇష్టం లేదు. మా మతంలో వడ్డీ తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా తప్పే. ఆమె మాట కాదని ముందుకు వెళ్లాలంటే మనసు ఒప్పడం లేదు.

పాతబస్తీ_గాజులు:
అక్కా, సలాం. మా నాన్న ఈ కారణంగానే జీవితాంతం అప్పు చేయలేదు, అంగడి కూడా పెరగలేదు. నేను తీసుకున్నాను, ఇప్పటికీ లోపల ఒక బరువుంది. మీరు తీసుకోవాలో వద్దో నేను చెప్పలేను. మా హైదరాబాదులో వడ్డీ లేని పరపతి సంఘాలు ఉన్నాయి, మీ వైపు అలాంటివి ఉంటే ముందు అక్కడ అడగండి. మైనారిటీల కోసమనే 1994లో కేంద్రం ఒక ఆర్థిక సంస్థ పెట్టింది, దాని అప్పుకూ వడ్డీ ఉంది. ఎవరి కోసం పెట్టారో వాళ్లే వెనకాడుతుంటే, పథకం రాసేవాళ్లు ఆలోచించాలి కదా. పోనీ రెండు పవర్ మిషన్లతో మొదలుపెట్టే దారి ఉందేమో అత్తగారితోనే కూర్చుని లెక్కేయండి.

సీమ_కుట్టుమిషన్:
నిన్న రాత్రి అత్తతో కూర్చున్నాం. రెండు మిషన్లు ఆమె దాచుకున్న డబ్బుతో కొంటానంది. నాకు ఏడుపొచ్చింది. మిగతా నాలుగింటి సంగతి పరిశ్రమల కేంద్రంలో మాట్లాడాకే. షెడ్డు వార్డులోదే తీసుకుంటున్నాం. మా ఆయన కార్డు కోసం సోమవారం మునిసిపాలిటీకి వెళ్తున్నారు. పవర్ మిషన్ కొత్తది కొనాలా, సెకండ్ హ్యాండ్ సర్వో మోటారుది చాలా? వాడినవాళ్లు ఎవరైనా చెప్పండి.