‘వడి’ అంటే వేగమా, మెలితిప్పే బలమా? టార్క్‌కి ఒక మాట కావాలి

గుంపులో అందరికీ నమస్కారం.

డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళ కోసం తెలుగులో ఒక చిన్న పుస్తకం రాస్తున్నాను. క్లచ్, బ్రేక్, గేరు, స్టీరింగ్ మాటలతో ఏ ఇబ్బందీ లేదు. అవి ఎప్పుడో తెలుగు మాటలైపోయాయి. ‘టార్క్’ దగ్గరే, అంటే ఇంజను చక్రాన్ని తిప్పే బలం దగ్గరే ఆగిపోయాను. ఇంటర్‌లో మనం ‘బల భ్రామకం’ అని చదువుకున్నాం కదా, ఆ మాటే పెట్టి ఒక పేజీ రాసి, కారు నేర్చుకుంటున్న మా మేనకోడలికి ఇచ్చాను. రెండో వాక్యం దగ్గరే “మావయ్యా, భ్రామకం అంటే భ్రమా?” అని అడిగింది. ఆ అమ్మాయి అడిగినదాంట్లో తప్పేమీ లేదు. భ్రమ, భ్రమణం, భ్రామకం అన్నీ తిరగడం అనే ఒకే మూలం నుంచి వచ్చినవే. కానీ ఘాట్ రోడ్డు మీద బండి ఆగిపోయినప్పుడు ఆ మూలం ఎవరికీ గుర్తురాదు.

నేను చెప్పాలనుకున్న విషయం ఇది. లెక్క తేలిగ్గా ఉండాలని అంకెలు గుండుగా వేసుకున్నాను. ఇంజను నిమిషానికి 3000 చుట్ల దగ్గర 100 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తోందనుకుందాం. గేర్ బాక్సులో ఫస్ట్ గేరుకి 12 పళ్ళ చక్రం 42 పళ్ళ చక్రాన్ని తిప్పుతోంది, అంటే మూడున్నర రెట్లు. ఆ తర్వాత డిఫరెన్షియల్‌లో, అంటే రెండు టైర్లకీ బలం పంచే చోట, క్రౌన్, పినియన్ అనే పళ్ళ చక్రాల దగ్గర ఇంకో నాలుగు రెట్లు. మొత్తం 14 రెట్లు. ఇంజను నుంచి బయల్దేరిన 100, టైర్ల దగ్గరికి వచ్చేసరికి 1400 అవుతుంది. రాపిడిలో పోయే కొంచెం పక్కన పెడదాం. అయితే టైరు తిరిగేది నిమిషానికి 214 చుట్లే. బండి గంటకి 24 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది.

అదే ఇంజను, అవే 3000 చుట్లు, టాప్ గేరులో. అక్కడ గేరు ముప్పావు వంతే, నాలుగుతో గుణిస్తే మూడు రెట్లు. టైరు దగ్గర టార్క్ 300కి పడిపోతుంది, చుట్లు 1000కి పెరుగుతాయి. వేగం 113 కిలోమీటర్లు. 1400ని 214తో గుణించండి, 300ని 1000తో గుణించండి. రెండూ దాదాపు ఒకటే. గేరు కొత్తగా శక్తిని పుట్టించదు. వేగం ఇచ్చి బలం పుచ్చుకుంటుంది, లేదా బలం ఇచ్చి వేగం పుచ్చుకుంటుంది.

ఈ ‘బలం’ అన్నచోట సరైన మాట కావాలి. ‘శక్తి’ అంటే పవర్ అనుకుంటారు. ‘పికప్’ అంటే బండి ఎంత తొందరగా వేగం అందుకుంటుందని, అది టార్క్ వల్ల వచ్చే ఫలితం, టార్క్ కాదు. మీ ఊళ్ళో ఏమంటారో చెప్పండి.

*వరంగల్ నుంచి:*
నాకు 20 ఏళ్ళుగా షెడ్డు ఉందన్నా. మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎవరూ టార్క్ అనరు. “బండి గుంజుతలేదు” అంటారు. ఆంధ్ర వైపు లారీలొస్తే “లాగట్లేదు” అంటారు. రెండూ ఒకటే. టార్క్ అనే మాట షెడ్డులో వినపడేది ఒక్క చోటే, హెడ్ బోల్టులు బిగించే టార్క్ రెంచ్ దగ్గర. పిల్లలకి నేను ఇట్ల చెప్తాను: స్టెప్నీ మార్చేటప్పుడు నట్టు రాకపోతే పానాకి పైపు తొడుగుతాం కదా, చెయ్యి బలం అంతే ఉన్నా నట్టు ఊడుతుంది. ఆ పైపుతో పెరిగింది టార్క్. బండిలో పైపు పని ఎక్కువ పళ్ళున్న పెద్ద చక్రం చేస్తుంది. బైకులకి వెనక చైన్ స్పాకెట్ రెండు పళ్ళు పెద్దది వేయించుకునే పిలగాళ్ళు ఉంటారు. గుంజుడు పెరుగుతుంది. మళ్ళీ నెలకి వచ్చి, హైవే మీద స్పీడు తగ్గిందని అడుగుతారు. ఒకటి తీసుకుంటే ఇంకోటి పోతుందని ముందే చెప్తాను.

*నా జవాబు:*
పానాకి పైపు ఉదాహరణ పుస్తకంలో పెట్టుకుంటాను అన్నా. కానీ ‘లాగుడు’, ‘గుంజుడు’ అంటే తిన్నగా లాగడం. టైరు రోడ్డుని తన్నే బలం అది. ఇరుసుని తిప్పే బలానికి వేరే మాట ఉండాలి. పై లెక్కలో టైరు వ్యాసార్థం 0.3 మీటర్లు అనుకుంటే, ఫస్ట్ గేరులో 1400 టార్క్ వల్ల రోడ్డు మీద వచ్చే లాగుడు సుమారు 475 కిలోల బరువుకి సమానం. టాప్‌లో 100 కిలోలే. టార్క్ తిప్పేది, లాగుడు దానివల్ల వచ్చేది.

*పొందూరు నుంచి:*
మాది నూలు వడికే ఇల్లు. మా అమ్మమ్మ రాట్నం మీద కూర్చుంటే నేను పక్కనే ఏకులు అందించేదాన్ని. దారాన్ని తిప్పే దానికి మా ఇంట్లో మాట ‘వడి’. “వడి చాలలేదు, తెగిపోతంది” అనేది. వడి ఎక్కువైతే దారం తనలో తనే చుట్టుకుని ముడి పడుతుంది. వడకడం అన్న మాట కూడా అక్కడిదే అనిపిస్తుంది నాకు. ‘పురి’ కూడా అంటారు, పురికొసలో ఉన్నది అదే. టార్క్‌కి వడి ఎందుకు కాకూడదు?

ఇంకో సంగతి. రాట్నంలో పెద్ద చక్రం మనం తిప్పుతాం, దానికి చుట్టిన మాల్‌తాడు చిన్న కదురుని, అంటే నూలు చుట్టుకునే పుల్లని తిప్పుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగేలోపు కదురు ఎన్నో చుట్లు తిరిగేస్తుంది. కానీ ఆ కదురుని వేలితో ముట్టుకుంటే చాలు, ఆగిపోతుంది. అదే పెద్ద చక్రాన్ని వేలితో ఆపలేం. మీరు చెప్పిన టాప్ గేరు ఇదే కదా, బాబాయ్?

*నా జవాబు:*
అవునమ్మా, అచ్చంగా అదే. టాప్ గేరు కంటే ఇంకా పైమెట్టు. నేను ఇన్నాళ్ళూ గేరుని కారులోనే వెతికాను. రాట్నం ముందు పెట్టుకుని చూస్తే ఒక్క బొమ్మలో అంతా ఉంది.

*తెనాలి నుంచి:*
ఆ అమ్మాయి చాలా విలువైన మాట తెచ్చింది. ‘వడి’కి నిఘంటువుల్లో వేగం, మెలి రెండు అర్థాలూ ఉన్నాయి. ఛందస్సులో యతికి కూడా వడి అని పేరు. ఇక సుమతీ పద్యం మనందరికీ కంఠస్థమే: “వడిగల యెద్దుల గట్టుక మడి దున్నుక బ్రతుకవచ్చు”. జీతమివ్వని దొర దగ్గర మిడుకుతూ ఉండేకంటే, ఆ ఎద్దులు నయమంటాడు. ఇక్కడ వడి అంటే వేగమనే పిల్లలకి చెబుతూ వచ్చాను. మీ చర్చ చదివాక అనుమానం వచ్చింది. మడి దున్నడానికి పరుగెత్తే ఎద్దులు ఎందుకు? బురదలో నాగలిని విడవకుండా లాగే ఎద్దులు కావాలి. వేగం అన్న అర్థాన్ని కాదనను, కానీ ‘దమ్మున్న ఎద్దులు’ అని చదివితేనే ఆ పద్యంలో రైతు కనబడుతున్నాడు.

*మండపేట నుంచి:*
మాస్టారూ, మా ట్రాక్టరు మీ మాటకి సాక్ష్యం. అది 45 హార్స్ పవర్. మా అబ్బాయి చిన్న కారు 80 పైచిలుకు. ఆ కారుని దమ్ము చక్రాలు కట్టి మడిలోకి దింపితే ఏమవుతుందో అందరికీ తెలుసు. ట్రాక్టరుకి బరువుంది, పెద్ద టైర్లున్నాయి, అన్నిటికంటే ముఖ్యంగా ‘లో’ గేరు ఉంది. ఇంజను గట్టిగా తిరుగుతుంటుంది, చక్రం మాత్రం మనిషి నడకన పోతుంది.

*హైదరాబాద్ నుంచి:*
అంతా బాగుంది కానీ ఒక అభ్యంతరం. ‘వడివడిగా’ అంటే ఇవాళ అందరికీ త్వరగా అనే. మీ పుస్తకంలో “ఫస్ట్ గేరులో వడి ఎక్కువ” అని రాస్తే, చదివినవాడు ఫస్ట్ గేరులోనే స్పీడు వస్తుందనుకుంటాడు. భాష మీద ప్రేమతో కొత్తవాళ్ళని తికమక పెట్టకండి. ఒకే మాట వేగానికీ, మెలికీ వస్తుంటే, ఆ రెండింటి మధ్య బేరమే చెప్పాల్సిన చోట అది ఎలా పనికొస్తుంది?

*నా జవాబు:*
మీ అభ్యంతరం సరైనదే, ఒప్పుకుంటున్నాను. రాత్రంతా ‘వడి’ నా మనసులో తిరుగుతూనే ఉంది. ఒకే మాటలో రెండూ ఇమిడి ఉండటం నాకెంతో ఇష్టంగా ఉంది, కానీ పుస్తకంలో పెట్టలేను.

*తిరుపతి నుంచి:*
నేను టాక్సీ తోలుతాను సార్. మాటలకంటే ముందు మీ పుస్తకంలో ఒకటి తప్పకుండా రాయండి. కొండ ఎక్కేటప్పుడు గేరు దించడం అందరూ త్వరగానే నేర్చుకుంటారు. టాప్‌లో 30 మీద ఎక్కిద్దామని చూస్తే బండి వణుకుతుంది, వెంటనే సెకండుకి దించుతారు. దిగేటప్పుడే అసలు ప్రమాదం. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు మీదే ఇప్పుడు తిరుమల నుంచి కిందికి దిగేది. ఆ మలుపుల్లో పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్ళని చూశాను. బ్రేకులు కాలి వాసన వస్తుంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని మాకు పెద్దవాళ్ళు నేర్పారు.

*నా జవాబు:*
చాలా సంతోషం అన్నా, ఇది తప్పక రాస్తాను. మీరు చెప్పిన వణుకుకీ నా లెక్కలోనే కారణముంది. టాప్‌లో 30 మీద ఇంజను తిరిగేది 800 చుట్లే, అంటే నిలబెట్టి ఆన్ చేసి ఉంచినంత. ఆ చుట్ల దగ్గర ఇంజను పూర్తి టార్క్ ఇవ్వలేదు. పైగా గేరు కూడా దాన్ని మూడు రెట్లే చేస్తోంది. సెకండుకి దించితే అదే 30 మీద ఇంజను 2000 దగ్గరికి వస్తుంది, గేరు ఏడున్నర రెట్లు చేస్తుంది. రెండు వైపులా లాభం. దిగేటప్పుడు ఇదే తిరగబడుతుంది. టైరు ఇంజనుని తిప్పాల్సి వస్తుంది, ఆ ఇంజను బిగువు అన్ని రెట్లై టైరుని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో ఆ పట్టు తెగిపోతుంది.

అందరి మాటలూ కలిపి ఇలా రాశాను, చూడండి:

“టార్క్ అంటే తిప్పే బలం. బిగుసుకున్న నట్టుకి పొడవైన పానా వేస్తే పెరిగేది అదే. గేరు దించితే ఇరుసుని తిప్పే బలం పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. గేరు పెంచితే వేగం పెరుగుతుంది, తిప్పే బలం తగ్గుతుంది. రాట్నం చూసినవాళ్ళు కదురుని గుర్తు చేసుకోండి. కొండ ఎక్కిన గేరులోనే దిగండి.”

*వరంగల్ నుంచి:*
బాగుందన్నా. ‘ఇరుసు’ తీసి ‘యాక్సిల్’ అని పెట్టు. ఇరుసు అంటే మా దిక్కు ఇంకా ఎడ్లబండి ఇరుసే అనుకుంటారు.

*నా జవాబు:*
మార్చాను అన్నా.

*పొందూరు నుంచి:*
బాబాయ్, రాట్నం బొమ్మ కావాలంటే మా అమ్మమ్మ రాట్నానిది ఫొటో తీసి పంపుతాను. మాల్‌తాడు కొత్తది కట్టించాక తీస్తాను.