కౌన్సెలర్‌కి చెప్పుకున్నది ఇంట్లో చెప్పాలా?

గోదారిగట్టు: కాకినాడ, భీమవరం, అమలాపురం, ఎటు చూసినా కాలేజీల్లో ఇదే తగువు. స్టూడెంట్ కౌన్సెలర్ దగ్గరికెళ్ళి ఏడిస్తే ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చెయ్యాలా, గుట్టుగా ఉంచాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతవార్డెన్: చెయ్యాలండి. ఫీజు కట్టేది వాళ్ళు, రేపేదైనా అయితే గేటు దగ్గర నిలదీసేదీ వాళ్ళే. పెద్దవాళ్ళకి తెలీకుండా మందులు మొదలెట్టించడమేంటి?

కొబ్బరాకు: ముందు కౌన్సెలర్ అంటే ఎవరో తేల్చుకోండి. చాలా కాలేజీల్లో ఇరవైమందికో లెక్చరర్‌ని పెట్టి హాజరు, ఇంటర్నల్ మార్కులు, ఇంటికి చేసిన ఫోన్లు కౌన్సెలింగ్ పుస్తకంలో రాయిస్తారు. ఆయన మెంటర్. మార్కులు వేసే మనిషి ముందు ఎవరు మనసు విప్పుతారు? సైకాలజీ చదివిన కౌన్సెలర్ నోట్సు వేరే ఫైల్లో, తాళం వేసిన బీరువాలో ఉండాలి. "వచ్చి వెళ్తోంది" అన్న ముక్క కూడా అనుమతి లేనిదే మెంటర్‌కి చేరకూడదు.

ఇక చట్టం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ చికిత్స వివరాలు గుట్టుగా ఉంచమంటుంది, ప్రాణాపాయం లాంటి సందర్భాల్లో తప్ప. 14వ సెక్షన్ ప్రకారం 18 నిండినవాళ్ళు చికిత్స విషయంలో తమ తరఫున నిలబడే ప్రతినిధిని తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి ఎంచుకోవచ్చు. నాన్నే కానక్కర్లేదు. మేనమామ, పిన్ని, ఎవరైనా సరే; ఆ మనిషీ ఒప్పుకుని రాసివ్వాలి. 18 లోపు ఇంటర్ పిల్లల లెక్క వేరు, వాళ్ళకి అమ్మానాన్నలే ప్రతినిధులు. ఆ వయసులో లైంగిక వేధింపు బయటపడితే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద పోలీసులకి చెప్పక తప్పదు. ఈ హద్దులన్నీ మొదటి రోజే, నోరు విప్పకముందే చెప్పాలి.

మందులచీటీ: చట్టం సరే, మందుల సంగతి వదిలేశారు. డిప్రెషన్‌కి ఎక్కువగా రాసే ఎస్సెస్సారై గోళీలు పనిచెయ్యడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు పడుతుంది. మొదట్లో కడుపులో తిప్పుతుంది. 25 ఏళ్ళ లోపు కొందరిలో తొలివారాల్లో చచ్చిపోవాలన్న ఆలోచన పెరగొచ్చు, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సిందే. ఇక్కడ నేను వార్డెన్ గారి వైపే. గుట్టుగా ఉంచితే, సంక్రాంతికి బట్టల సంచీ సర్దుతున్న అమ్మకి గోళీల షీటు దొరుకుతుంది. "నిద్రమాత్రలు, అలవాటైపోతాయ్" అని పారేస్తుంది. ముక్కనుమ వెళ్ళేసరికి తల తిరుగుడు, చిరాకు. అవి మందు ఒక్కసారిగా ఆపినందుకు వచ్చినవి. ఇంట్లో మాత్రం నింద మందుకే.

కొబ్బరాకు: ఒప్పుకుంటా. కానీ ఫోన్ ఎవరు చేస్తారు, ఏమంటారు? ఆఫీసు నుంచి "మీ అమ్మాయికి బాగోలేదు, తీసుకెళ్ళండి" అని వెళ్తే నాన్న తెల్లారే బస్సుకి దిగుతాడు, నెల్లాళ్ళు ఇంట్లో కూర్చోబెడతాడు. హాజరు 75 శాతం కన్నా తగ్గిపోతుంది. కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలో 65 దాకా వైద్య కారణాల మీద కండోనేషన్, అంటే హాజరు తగ్గినా మన్నింపు, ఉంది, అంతకన్నా తగ్గితే సెమిస్టర్ గోవిందా.

ఫోన్ కౌన్సెలర్ గదిలోంచి, స్టూడెంట్ పక్కనుండగా స్పీకర్ పెట్టి చెయ్యాలి. చెప్పేది ముందే కాగితం మీద రాసుకోవాలి: నిద్ర పట్టడం లేదు, డాక్టర్ గారికి చూపించాం, తగ్గాక కూడా మందు ఆర్నెల్లు వాడాలి, మీరు ఆపకండి. ప్రేమ గొడవ, బ్యాక్‌లాగులు ఆ కాగితం మీద ఉండవు.

"చచ్చిపోవాలనుంది" అంటే మాత్రం అనుమతి కోసం ఆగొద్దు. ఒంటరిగా వదలకుండా జీజీహెచ్ (సర్కారు పెద్దాసుపత్రి) సైకియాట్రీకి తీసుకెళ్ళాలి. సర్కారు మానసిక సాయం ఫోన్ లైను టెలీ మానస్ 14416 రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులోనే. అప్పుడు కూడా "మీ ఇంట్లో చెప్తున్నా" అని ఆ పిల్లకి చెప్పాకే ఫోన్ తియ్యాలి.

లంకగాలి: కొట్టే నాన్నే కారణమైతే?

కొబ్బరాకు: నాన్నకి బదులు పిన్నిని ప్రతినిధిగా రాసే ఆ కాగితం అందుకే.

పాతవార్డెన్: సరేనండి. మరి సాయంత్రం అయిదింటికి కౌన్సెలర్ ఇంటికెళ్ళిపోతారు. రాత్రి రెండింటికి తలుపేసుకున్న పిల్ల గురించి నాకేం చెప్తారు?

కొబ్బరాకు: జబ్బు పేరు చెప్పరు. ఎవరికి ఫోన్ చెయ్యాలి, గదిలో ఒంటరిగా పడుకోనివ్వొచ్చా లేదా, ఆ రెండూ రాసిచ్చి వెళ్ళాలి.

పాతవార్డెన్: ఆ రెండూ ఇస్తే నేను పేరు అడగనండి. ఇప్పటిదాకా అవీ ఇవ్వరు, అదీ నా గోల.