లిల్లార్డ్‌ని మయామీకే పంపి ఉంటే? 2023 వేసవికి నా మూడు జట్ల ట్రేడ్

హిల్స్‌బరో నుంచి

రెండేళ్లుగా నన్ను వదలని సంగతి ఇది. 2023 జూలై 1న మన పోర్ట్‌లాండ్ బాస్కెట్‌బాల్ జట్టు (అమెరికా ఎన్‌బీఏ లీగ్) స్టార్ డామియన్ లిల్లార్డ్ ట్రేడ్, అంటే వేరే జట్టుకి మార్పిడి, అడిగాడు. పంపితే మయామీకే పంపమన్నాడు. పోర్ట్‌లాండ్ దాదాపు మూడు నెలలు నాన్చి, సెప్టెంబర్ 27న మిల్వాకీకి పంపేసింది. పదకొండు సీజన్లు ఒకే జట్టుకి ఆడాడు. క్లైడ్ డ్రెక్స్‌లర్‌ని దాటి ఆ జట్టు తరఫున అందరికంటే ఎక్కువ పాయింట్లు చేశాడు. అలాంటి మనిషి ఒక్క కోరిక కోరితే తీర్చలేదు.

మయామీ దగ్గర ఇవ్వడానికేముంది అని అప్పుడు అందరూ అన్నారు. నిజమే, మయామీ గార్డు (బంతి నడిపే ఆటగాడు) టైలర్ హీరో మనకెందుకు? ఆ స్థానానికి సైమన్స్ ఉన్నాడు, షార్ప్ ఉన్నాడు, కొత్త కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మూడో పిక్‌తో, అంటే మూడో వంతుతో, స్కూట్ హెండర్సన్ అప్పుడే వచ్చాడు. కానీ హీరో మనకు అక్కర్లేకపోతే అక్కరున్న మూడో జట్టుని వెతకాలి కదా.

ఆగస్టు అనుకోండి. డ్రాఫ్టయిన కుర్రాడిని (ఇక్కడ హాకెజ్‌ని) సంతకం పెట్టాక 30 రోజులు ట్రేడ్ చేయకూడదు కాబట్టి జూలైలో కుదరదు.

మయామీకి: లిల్లార్డ్.
యూటాకి: హీరో.
పోర్ట్‌లాండ్‌కి: మయామీ నుంచి కైల్ లౌరీ, హైమే హాకెజ్, 2028, 2030 ఫస్ట్ రౌండ్ పిక్‌లు (ఆ ఏళ్ల డ్రాఫ్ట్ మొదటి రౌండ్లో ఎంచుకునే హక్కులు). యూటా నుంచి కెల్లీ ఒలీనిక్, టేలన్ హార్టన్-టక్కర్, యూటా చేతిలో ఉన్న క్లీవ్‌లాండ్ 2027 ఫస్ట్ రౌండ్ పిక్.

జీతాలు కూడా లీగ్ నిబంధనకు సరిపోతాయి. లిల్లార్డ్‌ది 4.56 కోట్ల డాలర్లు. ఆ స్థాయిలో బయటికి పంపిన దానికి పావు వంతు ఎక్కువ దాకా తీసుకోవచ్చు, అంటే 5.7 కోట్ల పైచిలుకు. మనకొచ్చే నలుగురి జీతం కలిపితే 5.64 కోట్లు. హీరోకి 2.7 కోట్లు, యూటా పంపే ఇద్దరికీ కలిపి 2.3 కోట్లు, అదీ నిబంధనల్లోనే ఉంది. లౌరీ, ఒలీనిక్, హార్టన్-టక్కర్ ముగ్గురి కాంట్రాక్టులూ ఆ సీజన్‌తోనే అయిపోతాయి. మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, ఒక మంచి కుర్రాడు, మరుసటి వేసవికి జీతాల ఖాతాలో ఖాళీ. ఏం తక్కువ?

కూకట్‌పల్లి, పొద్దున ఎనిమిదిన్నర

అన్నా, లెక్క మంచిగనే వేసినవ్. కానీ అసలు ట్రేడ్‌ల ఏమొచ్చిందో ఒక్కటొక్కటిగ చూడు. మిల్వాకీ, ఫీనిక్స్, పోర్ట్‌లాండ్, అది గూడ మూడు జట్లదే. మనకు జ్రూ హాలిడే, డియాండ్రె ఏటన్, తుమానీ కమారా, మిల్వాకీ 2029 పిక్ ఏ షరతు లేకుండ, 2028లో, 2030లో పిక్‌లు మార్చుకునే హక్కు. అంతల్నే ఆగలే. అక్టోబర్ 1న హాలిడేను బోస్టన్‌కిచ్చి మాల్కమ్ బ్రాగ్డన్‌ను, రాబర్ట్ విలియమ్స్‌ను, ఇంకో రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లను తెచ్చుకున్నరు. ఆ రెంట్ల ఒకటి 2024 డ్రాఫ్ట్‌ల 14వ పిక్ అయింది. దాన్నీ, బ్రాగ్డన్‌నూ, ఇంకో ఫస్ట్ రౌండ్ పిక్‌నూ కొన్ని చిన్న పిక్‌లతోని కలిపి వాషింగ్టన్‌కి ఇస్తే డెనీ అవ్డియా వచ్చిండు.

కమారా సంగతి వేరే చెప్పాల్నా? 52వ పిక్. ట్రేడ్ అయిననాడు పేపర్ల చివరి లైన్ల ఉన్న పేరు. 2025ల లీగ్ మంచి డిఫెండర్లను ఎంచే ఆల్ డిఫెన్సివ్ రెండో టీమ్‌ల ఉన్నడు.

ఇంకొకటి. నీ ట్రేడ్‌ల యూసుఫ్ నుర్కిచ్ మన నెత్తిమీదనే ఉంటడు. నాలుగేండ్లకు 7 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్. అసలు ట్రేడ్‌ల ఆయనను ఫీనిక్స్ తీస్కపోయింది. ఇట్లాంటి బరువు దింపుకునేటందుకు గూడ మూడో జట్టు పనికొస్తది. నువ్వు మూడో జట్టుతోని హీరోను దాటించినవ్ గానీ ఆ పని చెయ్యలే.

టాంపా తెలుగోడు

మయామీ వైపు నుంచి ఎవరైనా చూస్తారేమోనని ఆగాను. 2023 ఫైనల్స్‌కి ఎనిమిదో స్థానం నుంచి వెళ్లిన జట్టు అది. బట్లర్, బామ్ ఉన్నారు, ఆట చివర్లో స్కోర్ చేసేవాడు కావాలి. లిల్లార్డ్ వచ్చుంటే ఆ లోటు తీరేది. పైగా లిల్లార్డ్ మిల్వాకీకి వెళ్లడం వల్లే హాలిడే బోస్టన్‌కి చేరాడు. ఆ బోస్టనే 2024 మొదటి రౌండ్లో మా వాళ్లని 4-1తో పంపించి, టైటిల్ కూడా ఎత్తుకుంది. మాకు రాకపోవడం ఒక దెబ్బ, మా ప్రత్యర్థి బలపడటం రెండో దెబ్బ.

కానీ హిల్స్‌బరో గారూ, హాకెజ్‌ని మీరు అడిగారు చూడండి, అక్కడ నేనైతే ఆలోచించేవాడిని. 18వ పిక్‌తో వచ్చి తొలి ఏడాదే కొత్త ఆటగాళ్లలో మేటివాళ్ల ఆల్ రూకీ మొదటి టీమ్‌లో చేరాడు. అయినా ఇచ్చేవాడిని లెండి.

కూకట్‌పల్లి, పొద్దున ఎనిమిదిన్నర

ఆ సిరీస్‌ల బట్లర్ ఆడనే లేదు కదన్నా, ప్లే-ఇన్‌ల (ప్లేఆఫ్‌కు ముందుండే అర్హత ఆటల) మోకాలికి దెబ్బ తగిలె. ఒక్క హాలిడే వల్లనే ఓడిన్రంటే నేను ఒప్పుకోను.

హిల్స్‌బరో నుంచి

కమారా విషయంలో నా దగ్గర జవాబు లేదు. అవ్డియా విషయంలోనూ లేదు. కానీ ఆ జాబితాలో పెద్ద పేరు ఏటన్‌ది. 2025 వేసవిలో అతనికి డబ్బు కట్టి మరీ పంపించేశారు, లేకర్స్‌కి వెళ్లాడు. రాబర్ట్ విలియమ్స్ గాయాలతో కూర్చున్న రోజులే ఎక్కువ. అంటే ట్రేడ్ రోజున మన వాళ్లు గెలిచామనుకున్న ముక్కలు పోయాయి, చివరి లైన్లో ఉన్నవాడు నిలబడ్డాడు. అది మన జనరల్ మేనేజర్ జో క్రోనిన్ ముందుచూపని నేను అనుకోను. నా ట్రేడ్‌లోనూ అలాంటి ముక్క ఒకటి తేలి ఉండేది.

మనిషి సంగతి కూడా చూడాలి. మిల్వాకీలో రెండు సీజన్లూ ఇండియానా చేతిలో మొదటి రౌండ్లోనే ఓటమి. 2025 ఏప్రిల్‌లో అదే ఇండియానాతో నాలుగో ఆటలో మడమ వెనక స్నాయువు (అకిలీస్) తెగింది. జూలైలో మిల్వాకీ వాళ్లు అతని కాంట్రాక్టులో మిగిలిన 11 కోట్ల డాలర్ల పైచిలుకు బాకీని ఐదేళ్లకు పరిచి మరీ వదిలించుకున్నారు. కోరిన చోటికి పంపి ఉంటే గాయం ఆగేదని అనను. కానీ అతను ఎంచుకున్న చోట జరిగేది.

లెక్కల పంతులు

ఒక మాట. మయామీ అప్పట్లో రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లకు మించి ఇవ్వలేకపోవడానికి కారణం ఉంది. ఒక పిక్ అప్పటికే ఓక్లహోమా సిటీకి బాకీ. అది 2025లో పోతుందో 2026లో పోతుందో తెలియదు. వరుసగా రెండేళ్ల ఫస్ట్ రౌండ్ పిక్‌లు చేతిలో లేకుండా చేసుకోకూడదన్న స్టెపియన్ నిబంధన వల్ల మిగిలినవి 2028, 2030 మాత్రమే. ఆ రెండింటినీ మీరు వాడేశారు, సరే. కానీ అవి ఎవరి పిక్‌లో చూడండి, అడుగున ఉన్న జట్టు పిక్‌కే విలువ ఎక్కువ. పాట్ రైలీ నడిపే మయామీ చేజేతులా అట్టడుగుకు పోదు. మిల్వాకీ పిక్‌లు వేరు. మిల్వాకీ స్టార్ యానిస్‌కి వయసు మీద పడినా, వేరే జట్టుకి వెళ్లినా 2028, 2029, 2030 మూడూ పైకి వస్తాయి. పిక్‌ల సంఖ్య చూసి సమానమనకండి, ఏ జట్టు ఎప్పుడు కూలుతుందో చూడండి.

కోరిక మన్నించాలన్న దానికీ నేను వ్యతిరేకిని. మయామీ తప్ప వేరే చోట ఆడనన్నట్టు లిల్లార్డ్ తరఫున మాటలు వినిపించాయని ఆ జూలైలో లీగే మెమో పంపి హెచ్చరించింది. నాలుగేళ్ల కాంట్రాక్ట్ చేతిలో ఉన్నవాడు ఒకే జట్టు పేరు చెబితే బేరానికి ఎదుటివాడు ఒక్కడే మిగులుతాడు. చిన్న ఊళ్ల జట్లు అలా అమ్ముకోవడం మొదలుపెడితే ఎలా బతుకుతాయి?

హిల్స్‌బరో నుంచి

పంతులు గారూ, పిక్‌ల విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. మిల్వాకీ కూలే జట్టు, మయామీ కాదు. కోరిక విషయంలో ఒప్పుకోను. 2025 జూలైలో లిల్లార్డ్ మూడేళ్లకు 4.2 కోట్ల డాలర్లకు పోర్ట్‌లాండ్‌కే తిరిగొచ్చాడు. గాయం మానేదాకా ఏడాది ఆడడని తెలిసీ, అతని ఒప్పుదల లేకుండా ట్రేడ్ చేయకూడదన్న హక్కు కూడా రాసిచ్చి తీసుకున్నారు. ఆ రోజు మా ఆవిడ అల్మారా అడుగు నుంచి మా అబ్బాయి లిల్లార్డ్ చొక్కా, సున్నా నంబర్‌ది, తీసింది. వాడికిప్పుడు పట్టదు. జట్టుకీ ఊరికీ మధ్య ఉండే ఈ బంధం బేరంలో లెక్కకు రాదా?

సరే, ట్రేడ్ మారుస్తాను. నుర్కిచ్‌ని యూటాకి పంపుతున్నాను. అందుకు సరిపడా జీతం కింద యూటా నుంచి కాలిన్ సెక్స్టన్‌ని మనం తీసుకుందాం. క్లీవ్‌లాండ్ 2027తో పాటు మిన్నెసోటా 2027 పిక్ కూడా యూటా నుంచే. ఇప్పుడు?

కూకట్‌పల్లి, పొద్దున ఎనిమిదిన్నర

మళ్ల గార్డునే తెస్తున్నవ్ అన్నా. అయినా ఆ రెండు పిక్‌లు వస్తయంటే నేను సంతకం పెడ్త. కానీ అప్పట్ల యూటాను నడిపిన డానీ ఎయింజ్ రూడీ గోబేర్‌ను, డోనవన్ మిచెల్‌ను అమ్మి కూడబెట్టిన పిక్‌లవి. హీరో కోసమని, పైన నుర్కిచ్‌ను గూడ నెత్తిన పెట్టుకోని, ఆయన రెండూ ఇస్తడా?