గ్రానైట్ పలక మోస్తుంటే నడుం పట్టేసింది, తప్పు నాదేనా?

అన్నలకు నమస్తే. మాది శ్రీకాకుళం పక్క పల్లె. ఆరేళ్లుగా వైజాగ్‌లో టైల్స్, గ్రానైట్ పనికి హెల్పర్‌గా వెళ్తున్నాను. గురువారం మధురవాడలో ఒక అపార్ట్‌మెంట్‌కి వంటగట్టు పలక, 8 అడుగులది, నాలుగో అంతస్తుకి ఎక్కించాం. లిఫ్ట్ ఇంకా పెట్టలేదు. ఇద్దరమే. కింది వైపు నేను. మూడో అంతస్తు మలుపులో పలక తిప్పుతుంటే పైవాడు ఒక మెట్టు ముందే ఎక్కేశాడు. బరువంతా నా మీదకి వాలింది, నడుంలో టక్కుమంది. అయినా వదల్లేదు, పగిలితే కూలిలో కోస్తారు కదా. ఇప్పుడు కుడికాలు పిర్ర నుంచి మడమ దాకా లాగేస్తోంది. మేస్త్రి "నీకు పట్టు తెలీదు" అని 300 చేతిలో పెట్టి పంపేశాడు. తప్పు నాదేనా?

జవాబు 1 (గాజువాక, పాత మేస్త్రి):
తమ్ముడూ, ముందు లెక్క చూడు. 20 ఎంఎం గ్రానైట్ చదరపు అడుగుకి సుమారు 5 కిలోలు. 8 అడుగుల పొడవు, రెండున్నర వెడల్పు అనుకుంటే వంద కిలోలు. మెట్ల మీద అది సగం సగం పంచుకోదు, కిందున్నవాడి మీదే ఎక్కువ పడుతుంది. భవన నిర్మాణ కార్మికుల కోసం 1998లో వచ్చిన కేంద్ర నిబంధనల్లో మగవాడు ఒక్కడు మోసే బరువుకి హద్దు 55 కిలోలుగా పెట్టారు. ఆ మలుపులో నీ మీద పడింది అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఇందులో పట్టు సంగతేముంది? నలుగురిని పెట్టాల్సిన చోట ఇద్దరితో కానిచ్చిన రోజులు నాకూ ఉన్నాయి, బుకాయించను. ఆ మిగిలిన కూలి ఎవరి జేబులోకి పోతుందో మీ మేస్త్రికి బాగా తెలుసు. అతను చేతులెత్తేస్తే, పని చేయించుకున్న బిల్డర్‌ని కూడా పరిహారం అడగొచ్చు. కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్లు.

జవాబు 2 (ఫిజియోథెరపిస్ట్‌ని):
వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ నరాన్ని నొక్కుతూ ఉండొచ్చు. నడుం తొక్కించుకోమని ఎవరైనా చెబితే వినకండి. తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం బిగుసుకున్నా, ఆపుకోలేకపోయినా, పాదం పైకి లేవకపోయినా అర్ధరాత్రయినా సరే కేజీహెచ్ (వైజాగ్ పెద్ద ప్రభుత్వాసుపత్రి) క్యాజువాలిటీకి వెళ్లిపోండి. అవేవీ లేకపోతే మంచానికే అతుక్కోకుండా ఇంట్లో నెమ్మదిగా నడవండి. ఏదేమైనా ఓసారి డాక్టర్‌కి చూపించుకుని, ఓపీ చీటీలో "సైట్‌లో పలక మోస్తుండగా" అని రాయించుకోండి.

అడిగినవాడు:
చీటీలో రాయించాను మేడమ్. మూత్రం బాగానే వస్తోంది. పైవైపు పట్టుకున్నవాడు సాక్ష్యం చెబుతానన్నాడు గానీ, సోమవారం వాడు మళ్లీ అదే మేస్త్రి దగ్గరికి పనికెళ్లాలి. పలకకి మాత్రం ఏమీ కాలేదు. సింక్ కోసం కోత కూడా పెట్టేశారట.