మేనల్లుడు ఫాదర్ల శిక్షణకి, అంటే సెమినరీకి వెళ్తానంటున్నాడు, పర్లాకిమిడి వైపు వాళ్ళు కాస్త చెప్పండి

మహేంద్రతనయ ఒడ్డు: మా చెల్లి కొడుకు ఒడియా మీడియంలో పది పాసయ్యాడు. ఫాదర్ అవుతానని ఒకటే పట్టు. చెల్లికి టెన్షన్, బావకి కోపం, నాకు రోజూ ఇద్దరి ఫోన్లూ. ఇంట్లో తెలుగే కాబట్టి శ్రీకాకుళం మేత్రాసనానికి (అక్కడి బిషప్ గారి పరిధికి) పంపొచ్చా, వాళ్ళది ఒడిశా గజపతి జిల్లా కాబట్టి బరంపురమేనా? మొత్తం ఎన్నేళ్ళు? బీఎడ్ చేసి బళ్ళో పాఠాలు కూడా చెప్పాలని వాడి ఆశ, కుదురుతుందా?

పాతపట్నం అమ్మ: మీ చెల్లిని భయపడొద్దనండి బాబూ. మావాడు గురుపట్టం అందుకుని ఫాదర్ అయిన రోజు బిషప్ గారు వాడి అరచేతులకి తైలం పూస్తుంటే, "ఉన్న ఒక్క కొడుకునీ పంపేస్తావా" అని నన్ను తిట్టిన ఆడపడుచే ముందు వరసలో కూర్చుని ఏడ్చింది. ఇంట్లో ఎనిమిదైనా లేవని గుంటడు అక్కడ ఐదింటి గంటకే లేచేవాడు.

మాజీ బ్రదర్: గంట, ధ్యానం, పూజ, తోటపని, జపమాల, రాత్రి ప్రార్థన తర్వాత మౌనం, ఇవేవీ నాకు కష్టం అనిపించలేదండి. ఫిలాసఫీ అయ్యాక రీజెన్సీ అని కొన్నాళ్ళు బయట పనికి పంపుతారు చూడండి, అక్కడ తెలుస్తుంది. నన్నొక హాస్టల్ బడిలో వేశారు. పగలు సైన్సు పాఠం, రాత్రి వార్డెన్, మధ్యలో బియ్యం బస్తాల లెక్క. పాఠం ఎలా చెప్పాలో చెప్పిన దిక్కు లేదు. చివర్లో నేను గురుజీవితానికి పనికొస్తానా లేదా అని రిపోర్టు రాసేది ఆ హెడ్మాస్టర్ ఫాదరే, ఇంకేం నోరెత్తుతాం?

ఇచ్ఛాపురం రైలు: పన్నెండేళ్ళు. రాసిపెట్టుకోండి.

లెక్కల టీచర్: మాజీ బ్రదర్ గారూ, ఇవతలి పక్క బాధ కూడా వినండి. నేను పనిచేసే బళ్ళో ఒకసారి రీజెన్సీ బ్రదర్ (ఇంకా ఫాదర్ కాని సెమినరీ విద్యార్థి) వచ్చాడని నా పదో తరగతి పీరియడ్లు తీసి ఆయనకిచ్చి నా జీతం తగ్గించారు. పిల్లలకి ఆయనంటే ప్రాణం, క్రికెట్ ఆడతాడు కదా. త్రికోణమితి మాత్రం ఆదివారాలు మళ్ళీ నేనే చెప్పాను, ఊరికే.

తెల్లంగీ: అమ్మా, రీజెన్సీ ఉద్యోగం కాదు. కుర్రాడు నాలుగు గోడల బయట జనంతో ఎలా మసలుతాడో చూసే కాలం. దైవపిలుపు గురించి మాట్లాడేచోట జీతాలూ పీరియడ్లూ ఎందుకు?

లెక్కల టీచర్: శిక్షణ మీ బ్రదర్‌కి, నష్టం మా పిల్లలకా? దైవపిలుపు నాకూ ఉంది సార్, ఇంటద్దె కూడా ఉంది.

మాజీ బ్రదర్: బాగా అడిగారు మేడమ్.

తెల్లంగీ: మధ్యలో వదిలేసి వచ్చినవాళ్ళు ఎన్నైనా అంటారు.

మాజీ బ్రదర్: వదిలేశానని మీకెవరు చెప్పారు? పంపించేశారు. తెలియకపోతే నోరు మూసుకోండి.

కానన్ చదివినోణ్ణి: మీ గొడవ ఆపితే నేను చెప్తాను, బెంగళూరులో కూర్చుని కానన్ లా, అంటే చర్చి చట్టం చదివినవాణ్ణి. 250వ కానన్ అడిగేది కనీసం రెండేళ్ళ తత్వశాస్త్రం, నాలుగేళ్ళ దైవశాస్త్రం, మొత్తం ఆరు. మైనర్ సెమినరీ (తొలి దశ), ఇంటర్, డిగ్రీ, రీజెన్సీ కలిస్తే పెరుగుతుంది. ఎలాగూ 1031వ కానన్ ప్రకారం డీకన్‌కి (గురుపట్టానికి ముందు మెట్టు) 23 ఏళ్ళు, గురుపట్టానికి 25 నిండాలి. ఇక మేత్రాసనం అంటారా, 1016 చూడండి. నివాసం ఉన్నదైనా సరే, సేవ చేయాలని నిశ్చయించుకున్నదైనా సరే. శ్రీకాకుళం బిషప్ గారు తీసుకుంటే పర్లాకిమిడి కుర్రాడికి అడ్డేమీ లేదు. డీకన్ అయిన రోజునుంచి ఆ మేత్రాసనం మనిషే.

ఇచ్ఛాపురం రైలు: మొత్తానికి పన్నెండే అన్నారుగా.

కానన్ చదివినోణ్ణి: అనలేదు.

రాయగడ చుట్టం: భాష సంగతి ఎవరూ ఎత్తరేం? శ్రీకాకుళం అయితే తర్వాత హైదరాబాద్ రామంతాపూర్‌లో సెయింట్ జాన్స్ సెమినరీ లాంటి చోటికి పంపుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు సరే, బలిపీఠం దగ్గర సువిశేషం తడబడకుండా చదవగలడా? అసలు గజపతి కొండల్లో కావాల్సింది అక్కడి గిరిజనుల భాష సవర. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకున్నారు, 1931లో వ్యాకరణం కూడా అచ్చయింది. మన బ్రదర్లకేమో ఇంగ్లీషు ప్రసంగం మీదే మోజు.

ఇచ్ఛాపురం రైలు: అసలు పర్లాకిమిడి మనదే. 1936లో ఒడిశాలో కలిపేశారు.

మహేంద్రతనయ ఒడ్డు: అన్నా, ఊరు ఎవరిదో తర్వాత తేల్చుకుందాం. బీఎడ్ గురించి ఎవరైనా చెప్తారా?

లెక్కల టీచర్: మా బళ్ళో ఫాదర్లు సెమినరీ చదువుతో పాటు విడిగా దూరవిద్యలో బీఏ రాశారు. బీఎడ్ ఇప్పుడు రెండేళ్ళు, కాలేజీకి వెళ్ళే చేయాలి, దూరవిద్య బీఎడ్ ఇప్పటికే టీచరు శిక్షణ పొందినవాళ్ళకే. మేత్రాసన గురువైతే బిషప్ గారు పంపితేనే, అదీ ఎక్కువగా పట్టం తర్వాత. పంపకపోతే విచారణలో (తనకిచ్చిన గుడి పరిధిలో) పూజలు, జ్ఞానస్నానాలు చూసుకోవాలి. బడే ముఖ్యమనుకుంటే మోంట్‌ఫోర్ట్ బ్రదర్ల లాంటి సన్యాస సభలున్నాయి, వాళ్ళకి గురుపట్టం ఉండదు, చదువు చెప్పడమే పని. ఏది కావాలో పిల్లాణ్ణే అడగండి.

పాతపట్నం అమ్మ: జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) సర్టిఫికెట్లు ముందే తీసిపెట్టండి బాబూ. ఒడియా మార్కుల లిస్టులో పేరు ఒకలా, గుడి రిజిస్టరులో ఒకలా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. మావాడికి దాంతోనే సగం ప్రాణం పోయింది.

ఇచ్ఛాపురం రైలు: 1936 గురించి వేరే చర్చ పెడుతున్నాను, అందరూ అటు రండి.