జంతువు తనను తాను గాయపరచుకుంటే దానిని ‘ఆత్మహింస’ అనవచ్చునా?

సభ్యులకు నమస్కారం. ప్రయోగశాలలోని జంతువు తన ఒంటిని తానే కొరుక్కుని, గీరుకుని పుండు చేసుకోవడాన్ని తెలుగులో ‘ఆత్మహింస’ అందామన్న సూచనతో నేను ఏకీభవించలేకపోతున్నాను. ఆ మాట వినగానే కఠిన దీక్షతోనో పశ్చాత్తాపంతోనో తెలిసి తెలిసి తనను బాధించుకునే మనిషి మనసులో మెదులుతాడు. అందులో సంకల్పం ఉంది. పరిశోధకుల ముందున్నదేమో ఆగవలసిన చోట ఆగని ఒక చర్య.

2007లో నాడీశాస్త్రవేత్త గ్వోపింగ్ ఫెంగ్ బృందం ప్రకటించిన పరిశోధననే చూడండి. సాపాప్3 అనే జన్యువును తొలగించిన చుంచెలుకలు ముఖాన్ని అదే పనిగా తుడుచుకుంటూ, బొచ్చు ఊడి, చర్మం చిట్లి పుండ్లు పడేదాకా పోయాయి. ముఖం తుడుచుకోవడం ఆరోగ్యంగా ఉన్న చుంచెలుక కూడా రోజూ, ఇంచుమించు ఒకే వరసలో చేసే పనే కనుక, ఇక్కడ హద్దు మీరింది దాని మోతాదు మాత్రమే. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్, మెదడు పైపొర నుంచి గ్లూటమేట్ అనే రసాయనం ద్వారా వచ్చే సంకేతాలను, కదలికలనూ అలవాట్లనూ నడిపే స్ట్రయేటమ్ అనే మెదడు లోపలి భాగం అందుకునే నాడీసంధుల వద్ద ఉంటుంది. ఆ జన్యువును స్ట్రయేటమ్‌లో తిరిగి ప్రవేశపెట్టినప్పుడు అతిగా తుడుచుకోవడమూ పుండ్లూ తగ్గాయి. ఇటువంటి దానికి ‘స్వీయగాయం’ అన్న మాట చాలునని నా అభిప్రాయం, ఎందుకంటే అది జరిగినదాన్ని చెబుతుందే తప్ప ఉద్దేశాన్ని అంటగట్టదు.

ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయడాన్ని చెప్పే ‘పునరావృత ప్రవర్తన’ అన్న మాటను మాత్రం విశాలార్థంలో ఉంచుకుందాం. ఆంఫెటమిన్ అనే ఉత్తేజక మందును ఎక్కువ మోతాదులో ఇచ్చిన ఎలుక, స్ట్రయేటమ్‌లో డోపమిన్ అనే నాడీ రసాయనం పెరగడంతో, మరే పనీ పట్టకుండా ఒకేచోట వాసన చూస్తూ, నాకుతూ, కొరుకుతూ ఉండిపోతుంది. ప్రయోజనం కనబడని ఈ మార్పులేని చర్యకు ‘మూసచేష్ట’ అన్న పేరును ప్రతిపాదిస్తున్నాను.

ఒక సభ్యురాలి ప్రశ్న: లెష్-నైహన్ అనే అరుదైన జన్యువ్యాధి ఉన్న పిల్లలు తమ పెదవులనూ వేళ్లనూ కొరుక్కుంటారు కదా, వారికి బాధ తెలుస్తుంది కనుక మనుషుల విషయంలోనైనా ‘ఆత్మహింస’ సరిపోదా?

సమాధానం: అమ్మా, మంచి ప్రశ్న వేశారు. బాధ తెలుస్తుందన్నది నిజమే, అయితే వారిలో చాలామంది తమ చేతులను కట్టి ఉంచమని తామే అడుగుతారు, కట్లు విప్పితే భయపడతారు. వద్దనుకుంటూనే చేస్తున్నవారికి ఆ మాటను అంటించడం వారికి అన్యాయం చేయడమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

1964లో లెష్, నైహన్‌లు వర్ణించిన ఆ వ్యాధిలో లోపించే ఎంజైమునే చుంచెలుకల్లో లేకుండా చేస్తే, స్ట్రయేటమ్‌లో డోపమిన్ తగ్గింది గాని అవి తమను తాము కొరుక్కోలేదు. పుట్టిన కొత్తలోనే డోపమిన్ నాడులను నాశనం చేసిన ఎలుకలకు పెద్దయ్యాక మెదడులో డోపమిన్‌గా మారే ఎల్-డోపా అనే మందు ఇచ్చినప్పుడు మాత్రం అవి కొరుక్కున్నాయి. కాబట్టి ఇటువంటి జంతువును ఒక వ్యాధికి ‘నమూనా’ అని రాసేటప్పుడు వ్యాధిలోని ఏ అంశానికి అది నమూనాయో పక్కనే చెప్పడం అవసరం.

పసితనంలో తల్లికీ తోడుకూ దూరమై, ఒంటరి బోనులో పెరిగిన రీసస్ కోతుల్లో కొన్ని తమ చేతులనూ కాళ్లనూ కొరుక్కుంటాయి. అక్కడ మూలం జన్యులోపం కాదు, పెంపకం. కారణం ఏదైనా ‘స్వీయగాయం’ అన్న పేరు ఈ సందర్భాలన్నిటికీ నప్పుతుంది.