వెలయంగా? వెలయగ? తేలు పద్యం రెండో పాదం

తోకచుక్క: నరం దెబ్బతింటే వచ్చే నొప్పి మీద వ్యాసం రాస్తున్నాను. తేలు ప్రస్తావన రాగానే సుమతి పద్యం పట్టుకుంది. "తలనుండు విషము ఫణికిని" వరకు సరే, తర్వాత "వెలయగ"నా, "వెలయంగా"నా? సందర్భం ఇదీ: నరాల పొరలో సోడియం అయాన్లు లోపలికొచ్చే ద్వారాలు తెరుచుకున్న కాసేపటికే మూతపడాలి. ఎర్రతేలు విషం వాటిని త్వరగా మూతపడనివ్వదు. తెగిన నరానికి ఏ విషమూ అక్కర్లేదు. తెగిన కొసన ఈ ద్వారాలే గుంపుగా చేరతాయి, ఎవరూ ముట్టుకోకపోయినా నరం సంకేతాలు పంపుతూనే ఉంటుంది.

కందాభిమాని: దీర్ఘమే. వెలయం–గాఁదోఁ–కనుండు–వృశ్చిక–మునకున్. మొదటి పాదంలోని మూడు గణాలతో కలిపి లెక్కిస్తే "కనుండు" ఆరో గణం, అది జగణం (లఘువు, గురువు, లఘువు). యతి, అంటే పాదంలో కుదరాల్సిన అక్షరాల జోడీ, వె–వృ. ఇక అనుమానమెందుకండీ?

గోదారి గట్టు: మా తాతయ్య "వెలయఁగఁ దోఁకనె యుండును" అనేవారు. వినడానికి అదే హాయిగా ఉంటుంది.

కందాభిమాని: హాయిగానే ఉంటుంది, కందం మాత్రం కాదు. "యుండును" భగణం (గురువు, రెండు లఘువులు). కందంలో ఆరో చోట జగణమో నలమో (నాలుగు లఘువులు) తప్ప ఇంకేదీ పడదు.

మత్తు డాక్టరు: గణాల మధ్య దూరుతున్నాను, ఏమనుకోకండి. తోకచుక్క గారూ, ద్వారాలన్నీ ఒకటి కావు. నావ్ 1.7 అనే సోడియం ద్వారం పుట్టుకతోనే పనిచేయక, నొప్పే తెలియని పిల్లలున్న మూడు పాకిస్తానీ కుటుంబాల గురించి 2006లో వెల్లడైంది. నరాల నొప్పికి మేం రోజూ రాసే ప్రీగాబలిన్ అనే మందు పట్టుకునేది మాత్రం కాల్షియం ద్వారాల్ని. అక్కి మానాక చొక్కా తగిలినా భగ్గుమంటోందని వచ్చేవాళ్లకి అదే రాస్తాం. కొందరికే పనిచేస్తుంది.

తోకచుక్క: అయితే ఆ నొప్పిని "సలుపు" అనొచ్చా?

మత్తు డాక్టరు: సలుపు కురుపుకి. దీనికి మా పేషెంట్లు "కరెంటు కొట్టినట్టు" అంటారు, లేదా "జివ్వుమంటోంది" అంటారు.

గోదారి గట్టు: మా వైపు "తీపులు" అంటాం.

కందాభిమాని: తీపులు జ్వరానికండీ, ఒళ్లంతా లాగేస్తే. అయినా ఖలుడి గురించి ఇంత మెత్తగా చెప్పడం బద్దెనకే సాధ్యం. వేమన అయితే చెంప పగలగొట్టేవాడు.

గోదారి గట్టు: బద్దెనే రాశాడని ఎవరు తేల్చారు? ముందు అది చెప్పండి. మా తాతయ్య రాతప్రతి అటక మీదే ఉంది, పండక్కి వెళ్లినప్పుడు దింపుతాను. మీ జగణం సంగతి అప్పుడు చూద్దాం.

కందాభిమాని: తాతగారు రాసినా భగణం భగణమేనండీ.